నలభై ఫోటోలు

తాతాజీ సీడీ తెరిచి చూశాడు. నలభై ఫోటోలున్నాయి. వాటిలో తన ఫోటో లేదు.

మళ్లీ మొదటి నుంచి చూశాడు. లేదు.

అరగంట క్రితం హెచ్ఆర్ కల్పలత మేడమ్ గదిలోకి పిలిచి, తలుపేసి మరీ ఆ సీడీ చేతికిచ్చింది. ఐడీ కార్డుల కోసం ఎప్పుడో స్కాన్ చేసిన ఫోటోలవి. ఒక్కొక్కటీ రెండు ఎంబీల బరువు.

"వీటిని జేపెగ్‌లోకి మార్చివ్వండి తాతాజీ గారూ. బొమ్మ చెడకూడదు, సైజు తగ్గాలి. మన పాత కంప్యూటర్లలో కూడా పేజీ టక్కున తెరుచుకోవాలి. పేర్లు వద్దు. నలభై అంటే నలభై ఉండాలి. సోమవారం నుంచి అంతా ఈ పేజీ ప్రకారమే."

"అలాగేనండి."

"మీరు కాబట్టి ఇస్తున్నాను. ఎవరికీ చెప్పకండి."

సికింద్రాబాద్‌లో ప్యారడైజ్ దగ్గర, మూడో అంతస్తులో ఆఫీసు. అమెరికా దుకాణాల వెబ్‌సైట్లకు చెప్పుల ఫోటోలు, చొక్కాల ఫోటోలు బరువు తగ్గించి పంపడం వాళ్ల పని. ఐటీ ఐటీ అని ఊరంతా ఊగిపోతున్న రోజుల్లో పెట్టిన కంపెనీ. ఈ ఏడాది ఆ దుకాణాలే ఒక్కొక్కటిగా మూతపడుతున్నాయి. కంపెనీని ఇంకెవరో కొన్నారు. ఉన్న ఎనభై మందిలో సగం మందినే ఉంచుకుంటారని టీ బండి దగ్గర ఒకటే గుసగుసలు. కొత్త యజమాని కొత్త వెబ్‌సైట్ పెడుతున్నాడనీ, అందులో సిబ్బంది ఫోటోలు వస్తాయనీ నోటీసు బోర్డులో అంటించారు కూడా.

ఎనభైలో సగం నలభై. ఇంతమాత్రం చెప్పడానికి జ్యోతిష్కుడు కావాలా?

ఇంకో సమయంలో అయితే తాతాజీ పోతే పోనీ అనుకునేవాడేమో. కానీ భార్య లోవలక్ష్మి తిరుమలగిరి ఆసుపత్రిలో ఉంది. గుండె వాల్వు పాడైంది. గురువారం ఆపరేషన్. కంపెనీ మెడికల్ కార్డు చూపిస్తేనే ఆ తేదీ ఇచ్చారు. ఉద్యోగం పోతే కార్డు పోతుంది. కార్డు పోతే తేదీ పోతుంది. ఆ తర్వాత పోయేదేమిటో తలుచుకోవడానికే అతనికి ధైర్యం చాల్లేదు.

ఒక్కో ఫోటో తెరవడం, జేపెగ్‌గా సేవ్ చేయడం, మూసేయడం. మొహాలు చూసేకొద్దీ ఒళ్లు మండిపోయింది. జకర్యా ఉన్నాడు. ఆరు నెలలుగా ప్రాజెక్టు లేక కంప్యూటర్లో పేకాట ఆడుకుంటున్న జకర్యా! ఆలిస్ ఉంది. ఆమె పంపిన ఫైళ్లు సగం తిరిగొస్తాయి. రేపోమాపో రిటైరయ్యే జీవరాజు గారు కూడా ఉన్నారు, ఆఫీసులో అందరికంటే పెద్ద జీతం ఆయనదే. వొంచిన తల ఎత్తకుండా చాకిరీ చేసిన తనూ, పక్క సీటు సుధా మాత్రం లేరు. సొమ్మొకడిది, సోకొకడిది.

ముప్పైతొమ్మిదో ఫోటో బ్రహ్మచారిది. నేరేడ్‌మెట్ నుంచి రోజూ తన స్కూటర్ వెనకే కూర్చుని వస్తాడు. భోజనం కాగానే కుర్చీలోనే గురక పెడతాడు. వీడు కూడా ఉన్నాడే అనుకుంటుండగానే వెనక నుంచి అతని గొంతు వినబడింది. తాతాజీ గబుక్కున ఫోటో మూసేశాడు.

"ఏందన్నా, మొఖం గట్ల పెట్టినవ్? వదినకు ఎట్లుంది?"

"గురువారం ఆపరేషన్ అన్నార్రా."

"పరేషాన్ గాకు. మా అమ్మ పొద్దుగాల్నే జావ పంపింది దవాఖానకు. ఆపరేషన్ నాడు నేను సుత వస్త. రక్తం గావాలంటే ఇస్త."

బ్రహ్మచారి తల్లి బుచ్చమ్మ వారం రోజులుగా జావ కాచి పంపుతోంది. లోవలక్ష్మికి ఇమిడేది అదొక్కటే.

బ్రహ్మచారి వెళ్లాక తాతాజీ రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. నలభై అంటే నలభై. ఒకరు రావాలంటే ఒకరు పోవాలి. జకర్యాకు నలుగురు పిల్లలు. ఆలిస్ ఒక్క జీతం మీద ఇల్లంతా నడుస్తోంది. ఎంత ఒళ్లు మండినా ఆ ఫోటోల మీద చెయ్యి పడలేదు. పెళ్లాం పిల్లలు లేనివాడు బ్రహ్మచారి ఒక్కడే. చిన్నవాడు, ఇంకో ఉద్యోగం చూసుకుంటాడు. ఇలా తన తరఫున తానే వకాల్తా పుచ్చుకుని కాసేపు వాదించుకున్నాడు.

చివరికి బ్రహ్మచారి ఫోటో తీసేశాడు. సర్వర్‌లో తన ఫోటో వెతికి పట్టుకుని, జేపెగ్ చేసి, ఆ స్థానంలో పెట్టాడు. ఈ పాపం నాకు తగిలినా సరే, లక్ష్మి బతికితే చాలు అనుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

సాయంత్రం కల్పలత సీడీలో లెక్క మాత్రం చూసుకుంది. ఫోటోలు తెరవలేదు. అతని మొహం చూడలేక తల దించుకుంది.

"మీకు ఎంత కష్టంగా ఉండి ఉంటుందో నాకు తెలుసండి. మనసులో పెట్టుకోకండి. మా చేతుల్లో ఏమీ లేదు."

"పర్లేదండి," అని బతుకుజీవుడా అంటూ బయటపడ్డాడు.

శని, ఆదివారాలు ఆసుపత్రిలోనే గడిచాయి. బుచ్చమ్మ స్వయంగా జావ పట్టుకొస్తే, ఆమెకు ఎదురుపడలేక మందుల షాపు వంక పెట్టి వెళ్లిపోయాడు.

సోమవారం ఇద్దరూ ఎప్పటిలాగే ఒకే స్కూటర్ మీద వచ్చారు. దారి పొడుగునా బ్రహ్మచారి మాట్లాడుతూనే ఉన్నాడు. తాతాజీ స్కూటర్ ఇంకాస్త జోరుగా నడిపాడు.

గేటు దగ్గర సెక్యూరిటీ సామ్యూల్ ముందు పాత కంప్యూటర్ ఒకటి తెచ్చిపెట్టారు. మీట నొక్కగానే పేజీ తెరుచుకుంది. నలభై మొహాలు. చివరి వరుసలో తాతాజీ. హమ్మయ్య అనుకున్నాడు. బ్రహ్మచారి వైపు మాత్రం తల తిప్పలేకపోయాడు.

సామ్యూల్ పేజీని పైనుంచి కిందిదాకా వేలు పెట్టి చూశాడు. తర్వాత ఇద్దరి మొహాలూ చూశాడు.

"బ్రహ్మచారి సార్, మీరు లోపలికి పోండ్రి. తాతాజీ సార్, ఏమనుకోకుండ్రి, ఈ పేజీల ఫోటో ఉన్నోళ్లను ఇయ్యాల్టి సంది లోపలికి రానియ్యొద్దన్నరు."