నోటి దగ్గర ఖాళీ

"శనివారం ప్రదర్శన పెట్టుకుని బొమ్మ మధ్యలో ఇంత బొక్క ఉంచుతావటే?" అని నోలీన్ నడుం మీద చేతులేసుకుని అరిచింది. వాళ్ళున్న ఆర్ట్ గ్యాలరీ ఆమెదే.

మెర్రిన్ మైదా జిగురు గిన్నెతో నిచ్చెన మీద నిలబడి ఉంది. ఎదురుగా గోడనిండా పెద్ద ముఖం. అది మెర్రిన్ ముఖమే. ప్రచురణకర్తలు ఆమె నవలల్ని తిప్పి పంపుతూ రాసిన ఉత్తరాలను ముక్కలు చేసి, ఆ ముఖమంతా అతికించింది. నుదుటి మీద "చింతిస్తున్నాం", చెంప మీద "మా పాఠకులకు సరిపడదు", గడ్డం కింద "ఇకపై పంపవద్దని మనవి". రచయిత్రిగా ఒక్క పుస్తకమైనా అచ్చు కాలేదు గానీ, అచ్చు కాకపోవడాన్నే అతికించి తన ఊరు హోబర్ట్‌లో పేరు తెచ్చుకుంది. పోయినేడు ఇలాగే అతికించిన ఇంకో బొమ్మ ఫొటోను సిడ్నీ పత్రికలు కూడా వేశాయి. ఇప్పుడు ఈ ముఖానికి నోరొక్కటే తక్కువ. అక్కడ జానెడు ఖాళీ ఉంది.

"నన్నేం చెయ్యమంటావే? ఉత్తరాలు అయిపోయాయి. ఏడాదిగా ఒక్కడూ నా నవల తిరగ్గొట్టలేదు."

"పంపితే కదా తిరగ్గొట్టడానికి!"

"పంపాను. బ్రిండల్ కంపెనీకి. తిరగ్గొట్టాలనే కుక్క కూడా ముట్టని నవల రాసి మరీ పంపాను. వారంలో మొహాన కొడతారని పేరున్నవాళ్ళు. రెండు నెలలైంది, ఉలుకూ పలుకూ లేదు."

"పాత ఉత్తరమే ఒకటి జిరాక్స్ తీసి పెట్టెయ్. ఎవడు చూడొచ్చాడు?"

"ఛీ! ఇవన్నీ నేను కష్టపడి సంపాదించుకున్న తిరస్కారాలే. దొంగసరుకు కలపను."

తలుపు తెరుచుకుంది. ఊరి పక్క కొండ మీది చలిగాలితో పాటు కోటు తడిసిన మనిషొకడు లోపలికొచ్చాడు. ముందు గోడకేసి చూశాడు. ఎడమ చెంప మీద తమ కంపెనీ పేరు కనబడేసరికి అతని ముఖం మాడిపోయింది.

"మెర్రిన్ గారూ, నేను బ్రిండల్ నుంచి, గ్రాంట్ కినియర్‌ని. శుభవార్త స్వయంగా చెబుదామని మెల్‌బోర్న్ నుంచి విమానంలో వచ్చాను. మీ నవల మేం వేస్తున్నాం."

మెర్రిన్ గిన్నెను నిచ్చెన మెట్టు మీద పెట్టింది. ఆ ఒక్క మాట కోసం ఇరవై ఏళ్ళుగా కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూసింది. రాసింది చెత్త అని తెలుసు. అయినా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏమో, తనకు తెలియకుండానే ఆ చెత్తలో ఎక్కడో ఒక మంచి వాక్యం పడిందేమో! పాడు ఆశ, ఓ పట్టాన చావదు.

"నచ్చిందా?" అంది నెమ్మదిగా.

"నచ్చడమేమిటండీ! నాయిక చనిపోయే ఘట్టం చదివి రాత్రంతా నిద్రపోతే ఒట్టు."

"ఎన్నోసారి చనిపోయినప్పుడు?"

"అంటే?"

"మూడో పేజీలో లైట్‌హౌస్ మీంచి దూకుతుంది. ఏడో పేజీలో సొరచేప మింగుతుంది. ఆ తర్వాత కూడా రెండుసార్లు పోతుంది."

గ్రాంట్ టై సర్దుకున్నాడు. "అన్నిసార్లూ... బాగానే పోయిందండీ."

నోలీన్‌కి తాగుతున్న టీ పొలమారింది.

"చదవలేదు కదూ?" అంది మెర్రిన్.

అతను అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "మీ దగ్గర దాపరికమెందుకు? మీ నవల తిప్పి పంపే ధైర్యం మా ఆఫీసులో ఎవరికీ లేదు. పోయినేడు మా ఉత్తరం మీ బొమ్మకెక్కితే మెల్‌బోర్న్ అంతా నవ్వింది. సంతకం పెట్టినావిడ ఉద్యోగం మానేసి పోయింది. మీరేం పంపినా వేసేస్తాం, ఇక చదవడం దేనికి చెప్పండి? ఒక్కటే షరతు. మా తిరస్కరణ ఉత్తరాలేవీ ఈ గోడ మీద ఉండకూడదు."

మెర్రిన్ నిచ్చెన దిగింది. తిప్పి పంపినవాళ్ళు కనీసం నాలుగు పేజీలైనా తిరగేశారు. ఒప్పుకున్నవాడు అట్ట కూడా తెరవలేదు. అయినా మెర్రిన్ పైకి నవ్వింది.

"మీ తిరస్కరణలు ఒక్కటి కూడా ఉండవు. మాటిస్తున్నాను. మరి రేపెవరైనా నా నవల చదివి, మనసు మార్చుకుంటే?"

"అబ్బే, అలా జరగదండీ!"

"అయితే ఆ ముక్కే మీ కంపెనీ కాగితం మీద రాసివ్వండి. చదవకుండానే ఒప్పుకున్నామనీ, చదివాక వెనక్కి పోమనీ."

ఆమె భయం అతనికి న్యాయంగానే తోచింది. సంచీలోంచి కాగితం తీసి, రాసి, సంతకం పెట్టాడు. గండం గడిచిందని ఊపిరి పీల్చుకుని టాక్సీ ఎక్కాడు.

మెర్రిన్ మాట తప్పలేదు. ఎడమ చెంప మీది బ్రిండల్ ఉత్తరాలన్నీ పీకి బుట్టలో వేసింది.

"బాగుంది సంబడం!" నోలీన్ నెత్తి కొట్టుకుంది. "నోరు ఎలాగూ లేదు, ఇప్పుడు చెంప కూడా పోయింది. నీ పుస్తకం మాట సరే, శనివారం నా పరువేం కాను?"

మెర్రిన్ జిగురు గిన్నె అందుకుంది. గ్రాంట్ రాసిచ్చిన కాగితాన్ని ముక్కలు చెయ్యకుండా, వెనకవైపు జిగురు పట్టించి, నిచ్చెనెక్కి నోటి దగ్గర ఖాళీలో నిండుగా అతికించింది. ముడతలు లేకుండా అరచేత్తో నిమిరింది.

"ఓసి నీ దుంప తెగ! ఇది చూస్తే వాళ్ళు ఊరుకుంటారా? చేతికందిన పుస్తకం పోతుందే!"

"ఎలా పోతుందే? ఒప్పుకున్నట్టు వాడు సంతకం పెట్టిన కాగితం ఊరంతా చూసేలా గోడకే ఉందిగా!"