తోమడం రానివాడు

"ఇంకా ఎంతసేపు రుద్దుతావురా?" అమెరికాలోని ఎడిసన్ ఊళ్ళో కొడుకు గ్యారేజీ గుమ్మంలో నిలబడి చిరాగ్గా అడిగింది సీతారావమ్మ.

"పెయింట్ వెయ్యనమ్మా. మెటల్ అద్దంలా మెరవాలి." తను సొంతంగా తయారుచేసుకున్న చిన్న విమానం రెక్కను పొద్దుటినుంచీ మెత్తటి గుడ్డతో పాలిష్ చేస్తున్నాడు ప్రభాకర్. ఒక్క మరక మిగల్లేదు.

లోపల కోడలు కామేశ్వరి, హాస్పిటల్‌లో డబుల్ డ్యూటీ చేసొచ్చి, తెల్ల యూనిఫాంతోనే అంట్లు తోముతోంది.

సీతారావమ్మ లోపలికెళ్ళి, కోడలి చేతిలోని మాడిన గిన్నె లాక్కొచ్చి కొడుకు ముందు పెట్టింది. "ఇదీ తోము."

"నాకు గిన్నెలు తోమడం రాదుగా! పెళ్ళిచూపుల్లో నువ్వే చెప్పావు," అని నవ్వాడు వాడు.

తళతళలాడే రెక్కలో ఆవిడకు తన ముఖమే కనబడింది. రోత పుట్టింది.

"చెప్పాను, నా నోరు పడిపోను! పట్టు గిన్నె."