ట్రాన్చ్ అండి

“ఎక్స్‌టర్నల్ గారి ముందు ఒక్క ‘స’ వినిపించిందో, నా చేతిలో అయిపోయావే!”

కెమిస్ట్రీ లెక్చరర్ యుగంధర్ ల్యాబ్ గుమ్మంలోనే ఈశ్వరిని ఆపాడు. ఆయనది ఈ ప్రాంతం కాదు. ఆమదాలవలస వచ్చింది మొదలు పాఠం కన్నా ‘చ’ నేర్పడమే ఆయనకు పెద్ద పనైపోయింది. ‘సెప్పు’ కాదు చెప్పు, ‘సూడు’ కాదు చూడు. పిల్లల నోళ్ళు తిరగలేదు గానీ, ఆయన పట్టూ సడలలేదు.

“అలగేనండి,” అంది ఈశ్వరి బుద్ధిగా. అసలు భయం వేరే ఉంది. ఈ వైవా పోతే ఇంటర్ పోయినట్టే, ఇంటర్ పోతే చదువు మాన్పించేస్తానని నాన్న ఖరాఖండిగా చెప్పేశాడు.

లోపల ఎక్స్‌టర్నల్ నరసింగరావు కాగితం మీద బొమ్మ గీశాడు. రెండు గీతలతో కలిసిన కార్బన్లు, వాటికి రెండు మిథైల్ గ్రూపులు.

“టూ-బ్యూటీన్. దీనికి రెండు ఐసోమర్లు. సరుకు ఒకటే, అమరికే తేడా. ఇదేదమ్మా, సిస్సా, ట్రాన్సా?”

ఈశ్వరి బొమ్మను చూసింది. పక్కనే నిలబడ్డ యుగంధర్‌ను చూసింది. గొంతు సవరించుకుంది.

“ట్రాన్చ్ అండి.”

“ఏంటీ?”

“ట్రాన్చ్ అండి.”

“ట్రాన్చ్ ఏమిటమ్మా, ట్రాన్స్! ఎవరు చెప్పారు నీకలా?”

“మా చార్ చెప్పారండి.”

“చారా?”

“యుగంధర్ చారండి. ‘స’ అనకూడదన్నారండి.”

నరసింగరావుకి నవ్వొచ్చి పొలమారింది. కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. “ఏమయ్యా, పిల్లలకి పాఠం చెబుతున్నావా, చారు పోస్తున్నావా?”

యుగంధర్‌కి తల కొట్టేసినట్టయింది. “ట్రాన్స్ అనమ్మా తల్లీ, నీకు పుణ్యముంటుంది. ట్రాన్స్!”

“ట్రాన్స్,” అంది ఈశ్వరి.

“శభాష్!” అన్నారిద్దరూ ఒక్కసారే. పాపం పిల్ల తప్పేముందంటూ నరసింగరావు ఇంకో ప్రశ్న అడగకుండానే పూర్తి మార్కులు వేసి పంపేశాడు.

పక్క బల్ల దగ్గర టెస్ట్‌ట్యూబులు కడుగుతూ అంతా చూసిన గౌరి, స్నేహితురాలి వెనకే వరండాలోకి పరిగెత్తుకొచ్చింది.

“ఒసే, ఎదురెదురుగా ఉంటే కదే ట్రాన్సు! ఆ బొమ్మలో రెండు మిథైళ్ళూ ఒకే పక్కనున్నాయి. అది సిస్సే!”

“అవునేటి? పోన్లే,” అంది ఈశ్వరి.

“పోన్లే ఏటే? అయినా ‘సారు’ అనడానికి నీకు నోరు తిరగదేటి? ఆ ‘చారు’ ఏటి, ఆ ‘ట్రాన్చు’ ఏటి?”

ఈశ్వరి వెనక్కి తిరిగి, యుగంధర్ రావడం లేదని చూసుకుంది.

“జవాబు తెలిస్తే సుబ్బరంగానే సెప్పీదాన్ని కదే!”