తెగని పాట

ఉల్యానా పాడదు, టేపు పెట్టి పెదవులు మాత్రం కదుపుతుంది; ఒమాన్ దేశం సలాలాలోని ఆ సముద్రతీరపు హోటల్లో వంటవాళ్ల నుంచి కాపలావాళ్ల దాకా అందరికీ తెలిసిన సంగతే ఇది.

"రుజువేమిటి?" అన్నాడు నాగేంద్రప్రసాద్.

"కళ్లుండగా రుజువెందుకు ప్రసాద్ సాబ్?" మేనేజర్ కమ్రాన్ చాయ్ కప్పు బల్ల మీద పెట్టాడు. "నిన్న పాట మధ్యలో ఆవిడ నీళ్లు తాగింది. గొంతు మాత్రం ఆగలేదు! నీళ్లు మింగుతూ పాడే మనిషిని మీ సైన్స్ ఎక్కడైనా చూసిందా?"

"చూడలేదు. అయితే ఆ టేపును కూడా ఎవరూ చూడలేదు కదా."

"అందుకే మిమ్మల్ని పిలిచాను. ఈ సాయంత్రం మస్కట్ నుంచి షఫీ సాబ్ వస్తున్నారు. పాట నచ్చితే ఆవిడకు అక్కడ పెద్ద వేదిక దొరుకుతుంది. టేపని తేలితే మాత్రం రేపే టికెట్ చేతిలో పెట్టి ఇంటికి పంపేస్తాను."

నాగేంద్రప్రసాద్ ఆ హోటల్‌కు చీఫ్ ఇంజనీరు. కాకినాడ మనిషి. తలుపు బయట నిలబడి, జనరేటర్ చప్పుడు విని ఏ భాగం అరిగిందో చెప్పేయగలడు. తన చెవిని ఏ శబ్దమూ మోసం చేయలేదని అతని నమ్మకం.

ఉల్యానా ఖాళీ హాల్లో తన మూడు తీగల రష్యన్ వాద్యం బలలైకాను సరిచేసుకుంటోంది. రష్యా పల్లెల్లో అమ్మమ్మలు పాడుకున్న కోతపాటలకు డ్రమ్ములు, పాప్ వరసలు జోడించి పాడటం ఆమె ప్రత్యేకత. చిన్న చిన్న క్లబ్బుల్లో, యాత్రికుల ఓడల్లో పాడుతూ ఇక్కడిదాకా వచ్చింది.

అతడు టేపు సంగతి సూటిగా అడిగేశాడు. ఆమె నవ్వింది.

"మా ఊళ్లో పాట తెగకూడదండీ. ఒకరు ఊపిరి తీసుకునేటప్పుడు ఇంకొకరు పట్టుకుంటారు. వినేవాళ్లకు ఒకే గొంతులా ఉంటుంది. మా అక్కా నేనూ అలాగే పాడేవాళ్లం."

"మీ అక్క ఇప్పుడెక్కడ?"

"ఊళ్లోనే. వీసా నా ఒక్కదానికే వచ్చింది."

"మరి ఇక్కడ మీరు ఊపిరి తీసుకుంటే ఎవరు పట్టుకుంటారు?"

ఆమె తల వంచుకుని తీగ బిగించింది. "ఇంజనీరు మీరు. కనుక్కోండి."

లెక్క తేలిపోయిందనుకున్నాడు నాగేంద్రప్రసాద్. అక్క గొంతు రికార్డు చేసి తెచ్చుకుంది. ఇక ఆ రికార్డును పట్టుకోవడమే మిగిలింది.

మధ్యాహ్నం భోజనం దగ్గర ఆ మాటే భార్యతో చెప్పాడు. అన్నపూర్ణ మిరియాల పాలు తాగుతోంది.

"మళ్లీ గొంతు పట్టేసిందా?"

"ఈ ఏసీలతో పట్టక చస్తుందా? సరేగానీ, టేపని తేలితే నిజంగానే పంపేస్తారా ఆ పిల్లని?"

"పంపేస్తారు. పోయిన వారం నువ్వు జ్వరంతో పడుకున్న రోజు అక్కడేమైందో తెలుసా? పాట ముక్కలు ముక్కలైపోయింది. ప్రతి వరసకూ ఆగి ఊపిరి తీసుకుంది. టేపు చెడిపోయిందని జనం ఒకటే నవ్వు."

"అయ్యో, నవ్వారా?" ఆమె చేతిలో గ్లాసు ఆగిపోయింది.

"నీకెందుకు అంత బాధ?"

"ఆడపిల్ల కదండీ, అంత దూరం నుంచి వచ్చింది. మీరు మాత్రం సరిగ్గా చూసి చెప్పండి."

"చూడకుండా నేనేదైనా చెప్పానా? పోనీ, నువ్వూ రారాదూ? పెళ్లికి ముందు విజయవాడ రేడియోలో పాడినదానివి కదా."

"అది బృందగానం. అందులో నా గొంతు నాకే వినబడేది కాదు. అయినా సాయంత్రం పక్కింటి తయ్యబా వాళ్లింట్లో కుట్టుపని ఉంది."

"రోజూ వెళ్తావు. ఒక్క జాకెట్టయినా కుట్టిన పాపాన పోలేదు."

"మీ టేపు దొరికాక నా జాకెట్టు సంగతి చూద్దురుగానీ," అంటూ ఆమె అతని కంచంలో ఇంకో గరిటె పప్పు వేసింది.

సాయంత్రం హాలు నిండింది. సౌండు చూసుకునే నిజామాబాద్ జిలాని దగ్గర నుంచి ల్యాప్‌టాప్, ఫోన్లు, పెన్‌డ్రైవులు అన్నీ నాగేంద్రప్రసాద్ తీసేసుకున్నాడు.

"కొంచవోండ్రి సార్," అన్నాడు జిలాని. "గండ్ల ఏం లేదు. నాకేం భయం?"

డ్రమ్ములు లేకుండా, ఒక్క బలలైకాతో మొదటి పాట పాడమని ఉల్యానాకు చెప్పాడు. ఆమె అభ్యంతరం చెప్పలేదు.

పాట మొదలైంది. గాలికి పైరు వంగినట్టు సాగుతున్న పాట సగానికి వచ్చేసరికి ఉల్యానా గ్లాసు ఎత్తి, నాగేంద్రప్రసాద్ వైపే చూస్తూ నీళ్లు తాగింది.

గొంతు ఆగలేదు.

"చూశారా!" కమ్రాన్ తొడ చరిచాడు. ముందు వరసలో షఫీ ముఖం చిట్లించి, వెళ్లడానికి లేచి నిలబడ్డాడు.

నాగేంద్రప్రసాద్ ఒళ్లో ల్యాప్‌టాప్ చల్లగా ఉంది. ఫోన్లన్నీ అతని సంచిలోనే ఉన్నాయి. మరి ఈ గొంతు ఎక్కడిది? లేచి సౌండు బల్ల దగ్గరికి వెళ్లాడు. ఉల్యానా మైకు దీపం ఆరి ఉంది. దాని పక్కనే ఇంకో దీపం వెలుగుతోంది.

"ఈ రెండో మైకు ఎవరిది?"

జిలాని మొహంలో రంగు మారింది. "సార్, మీ కాళ్లు మొక్కుత, గటు పోకుండ్రి. ఎవలకు చెప్పద్దని నాతోని ఒట్టు వెట్టిచ్చుకున్నది."

"ఉల్యానాతో నేను మాట్లాడతాలే."

వైరు పట్టుకుని వేదిక వెనక్కి నడిచాడు. కమ్రాన్, షఫీ అతని వెంటే వచ్చారు. వైరు నల్లటి తెర కిందుగా లోపలికి పోయింది. ముందు నుంచి ఉల్యానా మళ్లీ అందుకుంది; లోపలి గొంతు ఆమె గొంతులో కలిసిపోయింది. ఏది ఎవరిదో అతని చెవికి అందలేదు.

తెర లాగాడు.

మైకు ముందు స్టూలు మీద కూర్చుని, కళ్లు మూసుకుని, అన్నపూర్ణ పాడుతోంది.