వీరభద్రం అల్లిన గూడు

తొలకరి పడగానే పాతబావి మీదికి ఒంగిన తుమ్మచెట్టుకు గిజిగాళ్లు గూళ్లు కట్టడం మొదలుపెట్టాయి. వాటిలో వీరభద్రం అనే మగపిట్టకు పనితనం అంటే ప్రాణం. ఇరవై రోజులుగా ఒక్క గూటితోనే కుస్తీ పడుతున్నాడు. గూట్లోకి దూరే గొట్టం వేలెడు పొడుగైందని విప్పాడు, అరవేలు పొట్టిదైందని మళ్లీ అల్లాడు. వరి ఆకు గట్టిదా, చెరకు ఆకు గట్టిదా అని ముక్కు నొప్పెట్టేదాకా లాగి చూశాడు.

పక్కన అప్పన్న మాత్రం మూడు కొమ్మలకు టోపీల్లాంటి మూడు సగం గూళ్లు వేలాడదీసి ఊరుకున్నాడు.

"ఒరేయ్, ఒక్కటైనా పూర్తి చెయ్యవేరా?" అని వీరభద్రం వెక్కిరించాడు.

"కాపురం చేసేది వచ్చి చూడనీ అన్నా! నచ్చనివాటికి ఇంత చాకిరీ ఎందుకు?"

మర్నాడు నూకాలు అనే ఆడపిట్ట గూడు వెతుక్కుంటూ వచ్చింది. అప్పన్న మొదటి గూడు ముక్కుతో లాగితే ఊడొచ్చింది. రెండోదానికి ఎదురుగాలి. అప్పుడు వీరభద్రం దగ్గర వాలింది. అతను ఛాతీ విరుచుకుని గొట్టం పొడవు, గోడ మందం ఏకరువు పెట్టాడు.

నూకాలు గూటివైపు చూడలేదు, పైకి చూసింది. "ఏమయ్యా, ఈ కొమ్మ ఎండిపోయింది కదా?"

వీరభద్రం కూడా అప్పుడే మొదటిసారి పైకి చూశాడు. "కొమ్మదేముంది, అల్లిక చూడు!"

నూకాలు వెళ్లి అప్పన్న మూడో గూడు పట్టుకుని ఊగింది. "ఇది బాగుంది, మిగతాది కానివ్వు" అంది.

వారం తిరక్కుండానే గాలికి ఎండుకొమ్మ ఫెళ్లున విరిగి గూడుతో సహా బావిలో పడింది. చెట్టు మీద పిట్టలన్నీ అయ్యో అన్నాయి. వీరభద్రం బావిగట్టు మీద వాలి, నీళ్లలో తేలుతున్న గూటిని అటూ ఇటూ పరీక్షగా చూసి, మెడ ఎత్తాడు.

"చూశారా! ఒక్క పోగు ఊడలేదు."