తలపు బిళ్ల

పెళ్లిళ్లలో మిగిలిన భోజనాన్ని ఆసుపత్రి దగ్గర పంచిపెట్టే రాజమండ్రి సేవాబృందంలో అనసూయమ్మ మొదటినుంచీ ఉంది. కొత్తగా చేరినవాళ్లు మనసులో మాటను ఒకరి నుంచి ఒకరికి చేరవేసే తలపు బిళ్ల చెవి వెనక అంటించుకుని, పెదవి కదపకుండానే పనులు చెప్పుకునేవారు. భోజనం సర్దే వంటశాల మూగబోయింది. ఏ గిన్నె ఎటు వెళ్లిందో పాతవాళ్లకు తెలిసేది కాదు.

"నోరున్నదెందుకమ్మా? రేపట్నుంచి నేను రాను," అంది అనసూయమ్మ.

"ఒక్కసారి పెట్టుకు చూడండి, పిన్నిగారూ," అంటూ కొత్తమ్మాయి షకీలా ఆమెకో బిళ్ల అంటించింది.

గిన్నెలు ఆటో ఎక్కించమనే మాటలు అనసూయమ్మకు లోలోపలే వినిపించాయి. వాటి మధ్య సన్నగా మరో తలపు: పొద్దున్నుంచీ ఏమీ తినలేదు, ఎలా అడగను? ఆ గొంతు షకీలాదే.

అనసూయమ్మ విస్తరి వేసి పులిహోర వడ్డించింది. "ఇలా కూర్చో. ఆకలని నోటితో చెప్పలేవూ?"

షకీలా తల దించుకుంది. "కొత్తదాన్ని కదండీ. ఏమనుకుంటారోనని."

ఆ సాయంత్రమే ఒప్పందం కుదిరింది. పంపకాలప్పుడు అందరూ బిళ్ల పెట్టుకోవాలి. పని అయ్యాక తీసేసి, కబుర్లు చెప్పుకుంటూ కలిసి తినాలి.

మర్నాడు అనసూయమ్మ అందరికంటే ముందొచ్చింది. కాసేపటికి గుమ్మంలోంచే షకీలా గొంతు వంటశాలంతా వినబడింది.

"పిన్నిగారూ, ఆకలేస్తోంది."