నల్లగీత

కింద ఎవరో వచ్చారని, పేరు అడిగితే చెప్పడం లేదని రిసెప్షన్ నుంచి ఫోను వచ్చింది.

సాయంత్రం ఐదు కావస్తోంది. ఏడింటికల్లా పేజీ ప్రెస్సుకు పోవాలి. పేరు చెప్పని మనుషులతో మాట్లాడే తీరిక ఆ పూట ఆమెకు లేదు.

పదకొండేళ్లుగా ఆమె పేపర్లో సాఫ్ట్‌వేర్ కంపెనీల వార్తలు రాస్తోంది. కొత్త ఫోన్లు, కొత్త యాప్‌లు, వాటి పక్కన నిలబడ్డ పెద్దమనుషుల చిరునవ్వులు. చుట్టాల లెక్కలో ఆమె జర్నలిస్టు కాదు, ఏ ఫోను కొనాలో చెప్పే మనిషి. మనుషుల గురించి ఎప్పుడు రాస్తావే అని వాళ్లమ్మ వారానికోసారైనా దెప్పేది.

ఆ రోజు రాస్తున్నది మనుషుల గురించే.

ఆసుపత్రుల్లో పసిపిల్లలకు ఎంత మందు ఎక్కించాలో లెక్కకట్టే సాఫ్ట్‌వేర్ ఒకటి అప్పుడప్పుడు రెట్టింపు చూపిస్తోంది. ఆ సంగతి దాన్ని తయారుచేసిన కంపెనీకి ఆరు నెలలుగా తెలుసు. తెలిసీ నోరు మెదపలేదు. వాళ్ల లోపలి రిపోర్టులో అదంతా పట్టికతో సహా ఉంది.

ఆ రిపోర్టు పంపిన మనిషిని ఆమె ఎన్నడూ చూడలేదు. మెసేజ్‌లలో ‘పక్కింటాయన’ అని పేరు పెట్టుకున్నాడు. ఇంటిల్లిపాదీ తన జీతం మీదే బతుకుతున్నారని, తనెవరో మాత్రం బయటపడనివ్వద్దని ఒకే ఒక్క కోరిక కోరాడు. ఆమె మాటిచ్చింది. మూడు రోజులుగా అతని దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు. కంపెనీలో అందరి ఫోన్లూ తనిఖీకి తీసుకున్నారని విన్నప్పటి నుంచి ఆమెకు కంటిమీద కునుకు లేదు.

రిపోర్టు ఫోటో వేస్తేనే వార్త మొదటి పేజీకెక్కుతుందని ఎడిటర్ తేల్చేశాడు. రేపు కంపెనీ కాదంటే చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి కదా అన్నాడు. అదీ న్యాయమే. రిపోర్టు పై అంచున, అది ఎవరి కాపీయో చెప్పే నంబరు మీద ఆమే స్వయంగా నల్లగీత గీసింది. నమ్మకం చాలక దానిమీదే ఇంకోసారి గీసింది. భూతద్దం పెట్టి వెతికినా కనపడదని పేజీ పెట్టేవాడు ధైర్యం చెప్పాడు.

పద్ధతి ప్రకారం మధ్యాహ్నమే కంపెనీకి ప్రశ్నలు పంపింది. రిపోర్టును ఫోటోతో సహా వేస్తున్నామని కూడా చెప్పింది. జవాబు రాలేదు.

కింద నుంచి మళ్లీ ఫోను వచ్చింది. విసుక్కుంటూ దిగింది.

నలభై దాటిన మనిషి. ఇస్త్రీ చొక్కా, మెడలో గుర్తింపు కార్డు. కార్డును జేబులోకి దోపాడు గానీ, తాడు మీద కంపెనీ పేరు దాగలేదు. ఓహో, జవాబు కాళ్లతో నడిచొచ్చిందన్నమాట అనుకుంది.

ఐదు నిమిషాలు విడిగా మాట్లాడాలన్నాడు. ఏదైనా ఇక్కడే చెప్పమంది. అతను రిసెప్షనిస్టునూ, సోఫాలో కూర్చున్న ఇద్దరినీ, పైనున్న కెమెరానూ చూసి గొంతు తగ్గించాడు.

“ఆ రిపోర్టు ఫోటో వెయ్యకండి మేడం. విషయం మీ మాటల్లో రాసెయ్యండి, చాలు.”

“మిమ్మల్ని ఎవరు పంపారు?”

“ఎవరూ పంపలేదు.”

“మరి పేరు చెప్పడానికేం?”

అతను తెరిచి ఉన్న విజిటర్ల రిజిస్టరు వంక చూసి తలదించుకున్నాడు.

ఇన్నేళ్లలో ఇలాంటివాళ్లను ఆమె చాలామందిని చూసింది. ముందు బహుమతులు వస్తాయి, తర్వాత బతిమాలేవాళ్లు వస్తారు, ఆ తర్వాత లాయరు నోటీసు వస్తుంది. ఇతను రెండో రకం. ఆమెకు ఒళ్లు మండింది.

“ఈ కాగితం పంపినాయన తన బతుకునే పణంగా పెట్టాడు. మీరొచ్చి అడిగారని ఆపేస్తే రేపు ఆయనకు నేనేం మొహం చూపించను?”

అతను ఆమె మొహంలోకి చాలాసేపు చూశాడు. ఏదో చెప్పబోయాడు. అంతలో సోఫాలోని ఒక మనిషి తలెత్తి ఇటు చూశాడు.

“మీ ఇష్టం మేడం,” అని వెళ్లిపోయాడు.

ఆమె పైకొచ్చి, ఫోటో ఇంకాస్త పెద్దది చేయమంది. పట్టిక పసిపిల్లాడికి కూడా అర్థమయ్యేలా పడాలని పంతం పట్టి కూర్చుంది.

పొద్దున్నే వార్త గుప్పుమంది. పది దాటకముందే ఆసుపత్రులు ఒక్కొక్కటిగా ఆ సాఫ్ట్‌వేర్‌ను పక్కన పెట్టేశాయి. వాళ్లమ్మ ఫోన్ చేసి రెండు ముక్కలు చదివి వినిపించి, మూడో ముక్క దగ్గర ఏడ్చేసింది. పదకొండేళ్లలో మొదటిసారి ఆమెకు తన ఉద్యోగం మీద గర్వం కలిగింది.

మధ్యాహ్నం కంపెనీ ప్రచార అధికారి ఫోన్ చేసింది. కయ్యానికి వస్తుందనుకుంటే, ఆవిడ గొంతు చల్లగా ఉంది.

“ఫోటో అంత పెద్దగా వేసినందుకు థాంక్సండీ. ఆ రిపోర్టు పద్దెనిమిది మందికే ఇచ్చాం. లోపలి పట్టికలో వరసలు ఒక్కొక్కరి కాపీలో ఒక్కో క్రమంలో పెట్టాం. మీరు నంబరు దాచారు, పట్టిక వదిలేశారు. మా మనిషి దొరికాడు. పొద్దున్నే ఇంటికి పంపించేశాం.”

ఆమె ఫోను పెట్టేసింది. ఎంత జాగ్రత్తపడి, ఎక్కడ వదిలేసింది. ఇచ్చిన మాట తన చేత్తో తనే మొదటి పేజీలో తప్పింది. క్షమించమని రాయడానికి నాలుగుసార్లు మొదలుపెట్టి, నాలుగుసార్లూ చెరిపేసింది.

సాయంత్రం ‘పక్కింటాయన’ నుంచే మెసేజ్ వచ్చింది. మూడు రోజుల మౌనం తర్వాత అదే మొదటిది.

“వార్త బాగా రాశారు మేడం, ఇక ఏ పసివాడికీ ముప్పు లేదు, నాకది చాలు. పట్టికలో మెలిక ఉందని నాకూ నిన్న మధ్యాహ్నమే తెలిసింది. ఫోన్ చేసే దారి లేక పరిగెత్తుకొచ్చాను గానీ, మీ రిసెప్షన్‌లో అంతమంది ముందు నేనెవరో చెప్పుకోలేకపోయాను, ఏమనుకోకండి.”